ఐసులో వచ్చిన రక్తం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ల్యాబులో అందరికీ తెలుసు. సారపాక అవతలి అడవి పల్లెల్లో పనిచేసే నర్సమ్మకు ఆ సంగతి ఫోన్‌లోనే తెలిసొచ్చింది.

ఖమ్మంలో మా పని క్రోమోజోములు చూడటం. రక్తంలోని కణాలు ప్రాణంతో మా దగ్గరికి రావాలి. వాటిని మూడు రోజులు వెచ్చగా పెంచి, ఆ తర్వాతే మైక్రోస్కోపు కింద పెడతాం. ఏళ్లతరబడి టీకాలు మోసిన నర్సమ్మ ఆ అలవాటు కొద్దీ రక్తం ట్యూబును కూడా టీకాల డబ్బాలో, గడ్డకట్టిన ఐసు ప్యాకెట్ల మధ్య బిగించి పంపింది. ఆ చలికి కణాలు చచ్చిపోతాయి. పైగా ఆ పల్లెల్లోని ఒక జంటకు కడుపు ఎందుకు నిలవడం లేదో చూడటానికి భార్యాభర్తలిద్దరి రక్తం కావాలని డాక్టరు రాస్తే వచ్చింది భార్యది ఒక్కటే. మూడుసార్లు కడుపు పోయింది ఆమెకే కదా, మగవాడిది ఎందుకన్నారట ఇంట్లో.

మూడో రోజు స్లైడు మీద ఏమీ లేదు. కణాలు బతకలేదు, మళ్లీ పంపండి అని రిపోర్టు రాసి, నర్సమ్మను ఫోన్‌లో కడిగిపారేశాను.

వారానికి ఆమే ఫోన్ చేసింది. నా తిట్ల ఊసే ఎత్తలేదు.

"మేడం, ఆమె రక్తమే చచ్చిపోయిందట, ఇగ కడుపెట్ల నిలుస్తదని అత్తగారింట్ల అంటున్నరు. కొడుక్కు ఇంకో పిల్లను జూస్తున్నరు. ఆమె అన్నం గూడ తింటలేదు."

నేను రాసిన రిపోర్టు తీసి మళ్లీ చదివాను. ఐసు వల్ల అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. అంత చదువూ చదివి ఆ ముక్క రాయలేకపోయాను. రక్తం పాడైంది ఐసు వల్లేనని ఇంట్లో చెప్పమని, ఈసారి భర్తను కూడా ఎలాగైనా ఒప్పించమని నర్సమ్మను బతిమాలాను.

నాలుగు రోజుల తర్వాత నర్సమ్మ స్వయంగా భద్రాచలం బస్సులో వచ్చింది. రెండు ట్యూబులు తువ్వాలలో చుట్టి, దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుందట. భర్త ఎలా ఒప్పుకున్నాడని అడిగితే, వాళ్ల గూడెం భాషలో, అర్థమయ్యేలా చెప్పానని నవ్వింది. నా చేత్తో టీ పెట్టిచ్చి, క్షమించమన్నాను. "పనిల గిట్లనే ఐతది" అని తిరుగు బస్సెక్కింది.

ఈసారి స్లైడు నిండా కణాలే. భర్త కణాల్లో రెండు క్రోమోజోములు చెరో ముక్కా మార్చుకుని ఉన్నాయి. దానివల్ల అతనికి ఏ జబ్బూ లేదు కానీ, కడుపు నిలవకపోవడానికి అదే కారణం కావచ్చు. ఆమెవి చక్కగా ఉన్నాయి. ఇందులో ఎవరి తప్పూ లేదని, బిడ్డ పుట్టే దారి ఇంకా ఉందని డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఇంకో పిల్లను చూసే మాట ఆగిపోయింది.

డాక్టరు చెప్పిన రోజు సాయంత్రం నర్సమ్మ నాకు ఫోన్ చేసి, ఆ భార్య చేతికిచ్చింది. భర్త సంగతి కాదు, పిల్లల సంగతీ కాదు, ఆమె అడిగింది ఒక్కటే.

"నా రక్తం బతికిందా మేడం?"

"బతికిందమ్మా. నా కళ్లతో చూసిన" అన్నాను.

నా తిట్లకు నర్సమ్మ అలిగి ఊరుకుని ఉంటే, ఆ మాట చెప్పే భాగ్యం నాకు దక్కేది కాదు.