గోదాం తాళంచెవి

పెన్‌పహాడ్ దగ్గర మా సహకార సంఘానికి ఏటా జరిగే సభలో, అందరికంటే వెనక కూర్చునే పెద్దాయన ఒకే ప్రశ్న అడిగేవాడు. యూరియా గురించి, తూకాల గురించి మేం గొంతులు చించుకుని అలిసిపోయాక, తువ్వాలు భుజాన సర్దుకుని మెల్లగా లేచేవాడు.

"గోదాం తాళంచెవి ఎవరి దగ్గరున్నది?"

అందరం నవ్వేవాళ్లం. నాకైతే చిరాకేసేది. వడ్ల మీద కప్పే టార్పాలిన్లు తప్ప ఆ గోదాంలో ఏముందని? చివరికి ఒకసారి చైర్మన్ విసిగిపోయి, "నీ దగ్గర్నే పెట్టుకో తాతా, ఇగ అడగకు" అని తాళంచెవి ఆయన చేతిలోనే పెట్టాడు.

మరుసటి ఏడు సభలో ఆయన మళ్లీ లేచాడు. మళ్లీ అదే ప్రశ్న.

"నీ దగ్గర్నే ఉన్నది గదా తాతా!" అని హాలంతా అరిచింది.

"ఆఁ, గంతే. అందరికి ఎరుకుంటే సాలు" అని కూర్చున్నాడు.

ఆ యాసంగిలో ఊరందరి వడ్లూ సంఘం కొనుగోలు కేంద్రంలో ఆరబోసి ఉండగా, మిట్టమధ్యాహ్నం మబ్బు కమ్మింది. తడిస్తే పంటంతా మొలకెత్తిపోతుంది. ఆయనేమో ఆ రోజు మిర్యాలగూడ దవాఖానలో ఉన్నాడు. తాళంచెవి ఎక్కడని ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరం ఆయన ఇంటివైపే పరుగెత్తాం. సగం దారిలోనే ఆయన భార్య ఎదురొచ్చింది, మాకు కనబడేలా తాళంచెవిని పైకెత్తి పట్టుకుని.