వాగు ఊసు లేని పాటలు

రేడియో అక్క మైకు ముందు కూర్చోగానే కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంటుంది. కన్నుమూసిన గాయకుల పాట ఒకటి వేసి, వాళ్ల కబుర్లు చెప్పి, ఆ ఊపులోనే వాగులోకి మురికి వదిలే అద్దకం ఫ్యాక్టరీని చెడామడా కడిగేస్తుంది. రికార్డింగు సరిచేసే కుర్రాడు ఆమెకు సొంత తమ్ముడితో సమానం. తన గొంతు తను వినాలంటే సిగ్గు కాబట్టి, ప్రసారం ఆమె ఎన్నడూ వినలేదు.

మొన్న బస్సులో వినబడింది. కబుర్లు అయ్యాయి, వెంటనే ఇంకో పాట. వాగు ఊసే లేదు. రేడియో స్టేషన్‌కెళ్లి ఆ కుర్రాణ్ణి నిలదీసింది.

"మొదట్నుంచీ తీసేస్తున్నానక్కా. లేకపోతే నీ ప్రోగ్రామే ఆపేసేవాళ్లు."

"మరి ప్రతిసారీ 'అదరగొట్టావక్కా' అన్నది నువ్వే కదరా!"

ఆమె మళ్లీ అటు వెళ్లలేదు. రేడియోలో మాత్రం ఇదివరకటి రికార్డింగుల్లోని ఆమె గొంతు, పాత పాటలతో కలిసి, ఇంకా తియ్యగా వస్తూనే ఉంది.