పాట అంటే పాట కాదు

నన్ను చదువు రాని పాటగాడని పుస్తకంలో అచ్చు వేశారు. నాకు చదువు వచ్చు, పాడటం రాదు. ఈ అబద్ధాన్ని ఒక పెద్ద కాలేజీలో ఏళ్ల తరబడి పాఠంగా చెబుతున్నారు. పిల్లలు దాన్నే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు.

ఇక జరిగింది చెబుతాను.

మాది జువ్వలదిన్నె. ఇప్పుడంటే హార్బరు వచ్చింది గాని, అంతకు ముందు పడవలు నేరుగా ఇసుక మీదికే వచ్చేవి. దిగిన చేపను అక్కడికక్కడే వేలం వేసేవాళ్లం. దాన్ని మేము పాట అంటాం. వేలం నడిపేవాడు పాట పెడతాడు. కొనేవాడు ధర పెంచుతూ పాడతాడు. చివరికి ఎవరికి దక్కితే వాడు పాడుకున్నాడంటాం. చెరువులో చేపలకైనా, సంతలో గేటు వసూలుకైనా, తోపులో చింతకాయలకైనా తెలుగునాట అందరూ అనే మాటే ఇది. ఇందులో రాగం లేదు, తాళం లేదు. ముప్పై ఏళ్లు మా రేవులో పాట పెట్టింది నేను.

పాట పెట్టడమంటే గొంతు చించుకోవడమని చాలామంది అనుకుంటారు. గొంతుది చిన్న పని. పెద్ద పని కళ్లది. చేప కావాలనుకున్నవాడు చేప వంక చూడడు, సముద్రం వంక చూస్తాడు. అక్కర్లేనివాడు మొప్పలెత్తి మరీ చూస్తాడు. ఒకడు కనుబొమ ఎత్తుతాడు, ఇంకొకడు భుజం మీద తువ్వాలు సర్దుకుంటాడు. అదే వాడి పాట. పక్కవాడికి తెలియకుండా అది నాకు తెలియాలి. తెలియకపోతే పడవవాడు నష్టపోతాడు, మర్నాడు నన్ను నిలబడనివ్వరు.

బడికి నేను పోయింది రెండేళ్లే. ఆ తర్వాత చదువంతా నాకు నేను చెప్పుకున్నది. మా అమ్మ బైబిలు పెద్ద అక్షరాలది. అందులో ఒక్కో వచనం కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆదివారం మందిరంలో వాక్యం చదివే పని నా మీద పడింది. ఇవాళ్టికీ నా మీదే ఉంది. కావలిలో ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కొన్నాను. దాని అట్ట మూడుసార్లు మార్చాను. పాడటం మాత్రం దేవుడు నాకు ఇవ్వలేదు. కీర్తన ఎత్తుకుంటే ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. మా పాస్టరు అయ్యగారు ఒకసారి నవ్వుతూ, "నువ్వు మనసులో పాడుకో అన్నా, దేవుడికి ఇనపడతది" అన్నారు.

అలాంటి నన్ను పాటగాడన్నారు.

ఇరవై ఏళ్ల కిందట వ్యాపారం చదివే కాలేజీ నుంచి నలుగురు పిల్లలు ప్రాజెక్టు పనిమీద మా రేవుకు వచ్చారు. పదిహేను రోజులున్నారు. తెల్లవారకముందే లేచి నా వెంట తిరిగారు. నాకు తెలిసిందంతా చెప్పాను. ఎవరూ అడగనివి కూడా చెప్పాను. నలుగురిలో రాతపని ఒక హైదరాబాదు అమ్మాయిది. కళ్లజోడు, చురుకైన పిల్ల. తెలుగు గలగలా మాట్లాడేది గాని అక్షరం చదవడం రాదు. మా రేవు బోర్డు మీద ఏముందో నన్నే అడిగి రాసుకుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ నలుగురూ నేనూ కలిపి ఐదుగురిలో తెలుగు చదవడం రానిది ఒక్కరికే, అది నేను కాదు.

వాళ్లు వెళ్లిపోయారు. నేను మరిచిపోయాను. మొన్న మొన్న అదే కాలేజీ నుంచి కొత్త పిల్లలు బస్సు నిండా దిగారు. ఫోన్లు పైకెత్తి పట్టుకొని, "తాతా, మార్నింగ్ సాంగ్ ఎప్పుడు స్టార్ట్ చేస్తారు?" అని అడిగారు. ఏం సాంగు అంటే వాళ్ల పుస్తకంలోని ఒక పాఠం కాగితాలు చేతిలో పెట్టారు. ఇంగ్లీషు. మూడు రోజులు నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. మా రేవులో చేప అమ్మే ముందు ఒక ముసలి గాయకుడు పాడతాడట. కొనేవాళ్లు బదులు పాడతారట. సంగీతం వల్ల తగాదాలు రావట. మా రేవులో తగాదాలు రావట! ఆ గాయకుడి గురించి ఇంకో మాట ఉంది. అది నాకు తెలియలేదు. నిఘంటువులో వెతికాను. 'నిరక్షరాస్యుడు' అని ఉంది. నాకు చదువు రాదని చెప్పే మాటను నేను నిఘంటువు తీసి చదువుకున్నాను.

ఆ నెలంతా నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికో పోవాలని. వాక్యం చదవడానికి లేచినా అదే మాట కళ్ల ముందు. పుస్తకంలో ఉన్నదే నిజమని నమ్మి బతికినవాణ్ణి నేను. నా చదువంతా పుస్తకాల దయ. ఆ పుస్తకమే నా మీద అబద్ధం చెబితే ఎవరితో చెప్పుకోను?

అంతలో చిల్లకూరు అతని ఫోను. ఆ నలుగురిలో ఒకడతను. చదువయ్యాక పట్నం ఉద్యోగం వదిలేసి వచ్చి రొయ్యల గుంటలు పెట్టుకున్నాడు.

"మామా, మా బ్యాచ్ నలుగురం మీ ఊళ్లోనే కలస్తన్నాం. బీచ్ కాడ గెస్ట్‌హౌస్ మాట్లాడినా. మీరు రావాల. మీరు లేకుంటే మాకా ప్రాజెక్టు యాడిది?"

"ఆ పాఠం రాసినమ్మ వస్తా ఉందా?"

"రాకేం! ఇప్పుడా కాలేజీలోనే మేడం గదా."

"అయితే వస్తా."

కాగితాలు కవర్లో పెట్టుకొని పన్నెండు గంటలకల్లా పోయాను. నలుగురూ వరండాలో ఉన్నారు. బెంగళూరు నుంచి వచ్చిన పొడుగాయన బిస్కెట్ల కంపెనీలో పెద్ద ఉద్యోగి. కళ్లజోడు అమ్మాయికి జుట్టు నెరిసింది, కళ్లజోడు మారింది. నాలుగో అతను విజయవాడవాడు. అప్పుడూ మితభాషి, ఇప్పుడూ అంతే. నన్ను చూసి అందరూ లేచారు, చేతులు పట్టుకున్నారు, కుర్చీ వేశారు. తర్వాత నన్ను మరిచిపోయి వాళ్ల మాటల్లో పడ్డారు.

"నాకిప్పుడు మూడు రాష్ట్రాలురా," అన్నాడు పొడుగాయన.

"నాకు పదకొండు గుంటలు. రొయ్యలకొచ్చే తెల్లమచ్చల రోగం నీ రాష్ట్రాలకు రాదు గదరా, నీకేం!" అన్నాడు చిల్లకూరు అతను.

"మావాడు ఏడో క్లాసు. రోబోలు చేస్తున్నాడు," అన్నాడు పొడుగాయన.

"మా పాప ఈతలో స్టేటుకు ఆడింది."

"ఈతలో ఆడటమేందిరా, ఈదింది అను," అని మేడం నవ్వింది. "మా ఆయన పుణేలో, నేనిక్కడ. మేం శనివారం మొగుడూపెళ్లాలం. ఆదివారం సాయంత్రం విడాకులు."

"మంచిది తల్లీ, మా ఇంట్లో శనివారం కూడా విడాకులే."

నవ్వులు. ఒకడు ఇల్లు అంటే ఇంకొకరు రెండో ఇల్లు. ఒకరికి మోకాలు నొప్పంటే ఇంకొకరికి నడుము. ఎవరూ ఆగడం లేదు, ఎవరూ తగ్గడం లేదు. నాకు పాట పెట్టాలన్నంత తొందర పుట్టింది. ఒకటోసారి, రెండోసారి అని ఎవరో అనకపోతే ఈ పాట తెగేట్టు లేదు. నేను కవరు ఒళ్లో పెట్టుకొని సందు కోసం చూస్తున్నాను. నోరు తెరిస్తే ఒకరు కూల్‌డ్రింకు ఇస్తారు. మళ్లీ తెరిస్తే బావమరిది ఉద్యోగం మొదలవుతుంది.

విజయవాడ అతను మాత్రం, "నాదేముందిరా, అదే కంపెనీ, అదే కుర్చీ," అని ఒక్క మాటే అన్నాడు. అన్నప్పటి నుంచీ సముద్రం వంక చూస్తున్నాడు. అందరి ఫోన్లూ మోగుతున్నాయి, అతనిది మోగలేదు. కూర్చోలేక నేను లేచి మెట్ల దగ్గరికి పోతే తనూ వచ్చాడు.

"ఎన్నాళ్లయిందబ్బయ్యా, ఉద్యోగం పోయి?" అన్నాను.

అతను నా ముఖం కేసి చూశాడు. "ఏడు నెలలు. ఇంట్లో తెలుసు. వీళ్లకు చెప్పబాకండి మామా."

"నేనెందుకు చెప్తా. నా బాధ నాకుంది," అని కాగితాలు చూపించాను. అతను చదివి నిట్టూర్చాడు. "పాటంటే వేలమని నాకు ఆ రోజే తెలుసు మామా. చెబుదామనుకున్నా. రిపోర్టు చూసేసరికి అప్పటికే బైండు చేసేసినారు. మా ప్రాజెక్టు సార్‌కు ఆ పాట సంగతే బాగా నచ్చింది. నోరు మూసుకున్నా."

"మీకు మార్కులొచ్చినాయి. నాకేమొచ్చింది?" అన్నాను. ఉద్యోగం పోయినవాడి మీద అరిచానే అని ఒక పక్క, అరవకుండా ఎట్లా అని ఒక పక్క.

లోపలికి వచ్చేసరికి భోజనాలు పెట్టారు. పొడుగాయన ఫోను నా ముఖం మీదికి ఎత్తి, "మామా, ఆ రోజుల్లోలాగా ఒక పాట వేసుకోండి!" అన్నాడు. మేడం కూడా, "ప్లీజ్ అంకుల్, మా స్టూడెంట్స్‌కు చూపిస్తా," అంది.

ఇక నేను ఆగలేదు. వేయించిన వంజరం చేప ముక్కల పళ్లెం ఎత్తి బల్ల మధ్యలో పెట్టాను.

"రాండబ్బా రాండి. పొద్దుటి వంజరం. ఎవురు పాడతారు? వంద!"

ముందు నవ్వారు. తర్వాత చిల్లకూరు అతను నూటయాభై అన్నాడు. పొడుగాయన రెండొందలు అని లేచి నిలబడ్డాడు. విజయవాడ అతను నోరు విప్పలేదు, కనుబొమ ఎత్తాడు. "రెండున్నర!" అన్నాను. పొడుగాయన మూడొందలు అనగానే అతను మళ్లీ ఎత్తాడు. "మూడున్నర! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, విజయవాడాయన పాడుకున్నాడు," అని పళ్లెం అతని ముందుకు తోశాను.

"వాడు నోరే తెరవలేదు గదా!" అన్నాడు పొడుగాయన.

"నోరు తెరవకుండానే పాడినాడు. మేము పాట అనేది దీన్నే. ఇందులో సంగీతం యాడుందో చూపీమ్మా," అని మేడం ముందు కాగితాలు పెట్టాను.

ఆమె ముఖం మాడిపోయింది. "పాట అంటే... సాంగ్ కాదా అంకుల్?"

"బస్టాండులో సైకిల్ స్టాండుకు కూడా పాటే పెడతారమ్మా. అక్కడ హార్మోనియం పెట్టుకొని కూచుంటారా?"

విజయవాడ అతను తలొంచుకొని, "మామ చెప్పేది నిజమే. తప్పు మనదే," అన్నాడు.

"సరే, పాట తెలవక రాసినావు. చదువు రాదని ఎందుకు రాసినావు తల్లీ? మా రేవు బోర్డు నీకు చదివి చెప్పింది ఎవురు?"

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అది మా సార్ పెట్టించారు అంకుల్. చదువు లేని మనిషి ఇంత తెలివిగా మార్కెట్ నడిపాడంటే పాఠానికి బలం వస్తుందన్నారు. సారీ. ఇప్పుడు ఆ పుస్తకం చూసేది వేరే పెద్దాయన. ఒక్క లెటర్ పెట్టండి. నేనూ చెబుతా."

బలం. నా రెండేళ్ల బడి, మా అమ్మ బైబిలు, మూడు అట్టలు మార్చిన నిఘంటువు, ఇవన్నీ తీసి పారేస్తే గాని వాళ్ల పాఠానికి బలం రాదట. అన్నం ముట్టకుండానే వచ్చేశాను. చిల్లకూరు అతను గేటు దాకా వచ్చి, "కోపం చేసుకోబాకండి మామా," అని బతిమాలాడు. నీతో తగువు లేదని చెప్పి నడిచి వచ్చాను.

ఉత్తరం మూడుసార్లు రాశాను. మొదటిది కోపంగా ఉంది, చించేశాను. రెండోదాంట్లో బతిమాలినట్టుంది, అదీ చించాను. మూడోదాంట్లో రెండే అడిగాను. పాట అంటే వేలమని దిద్దండి, నిరక్షరాస్యుడన్న మాట తీసేయండి. తెలుగులోనే రాశాను, నా చేతిరాతతోనే. అక్షరాలు గుండ్రంగా రావాలని పొద్దున వెలుతురులో కూర్చుని రాశాను. కావలి పోయి రిజిస్టరు చేసి వచ్చాను.

నెల, రెండు నెలలు. పోస్టుమాన్ సైకిలు గంట వినపడితే చాలు, గుమ్మంలో ఉండేవాణ్ణి. అతను చేతులూపి లేదనేవాడు. మూడో నెలలో నేను బయటికి రావడం మానేశాను గాని, చెవి మాత్రం మానలేదు. నాలుగో నెలలో కవరు వచ్చింది. కాలేజీ ముద్ర ఉంది. నిలబడే చదివాను:

"అయ్యా, మీ ఉత్తరం అందినది. రేవులో 'పాట' అనగా వేలమని మీరు తెలియజేసిన విషయాన్ని పరిశీలించి, తదుపరి ముద్రణలో ఆ మేరకు సవరించుటకు నిర్ణయించాము. రెండవ అంశంలో మార్పు అవసరమని మాకు తోచలేదు. మీ తరఫున ఈ ఉత్తరం రాసిపెట్టిన వారి తెలుగు, చేతిరాత ఎంతో చక్కగా ఉన్నవి. వారి పేరు తెలియజేసినచో పుస్తకంలో వారికి కృతజ్ఞతలు చెప్పుకొనగలము."