మా గుంట మొద్దండి

సత్యారావు నోట కూతురి గురించి వచ్చే మాట ఒక్కటే: "మా గుంట మొద్దండి." చోడవరం సంతలో ఎవరైనా "ఎండ మండిపోతంది, సత్యారావూ" అన్నా, "అవునండి, మా గుంట మొద్దండి" అనేవాడు. దిష్టి తగలకుండా అంటున్నాడేమోనని భార్య రాజ్యం మొదట్లో సరిపెట్టుకుంది. రెండేళ్లు విన్నాక ఏ తల్లికి కడుపు మండదూ?

మొద్దట! ఆ నూకరత్నం మూడో క్లాసులో ఉండి ఐదో క్లాసు లెక్కలు నోటితో చేసేస్తుంది. బెల్లం పొట్లం కట్టిన కాగితాన్నీ వదలకుండా చదువుతుంది. ఒకటో క్లాసులోనే మేష్టారి తప్పును అందరి ముందూ దిద్దింది. ఆ రోజు నుంచి పిల్లలు దాన్ని ఆటలోకి రానివ్వలేదు. చివరికి పలక మీద కావాలనే తప్పులు రాయడం మొదలుపెట్టింది.

"తప్పు రాస్తే ఆడనిస్తామన్నారే అమ్మా!"

ఆ పలక చూసి రాజ్యం కుమిలిపోయింది. పిల్లకి తెలివి ఇచ్చిన దేవుడు ఒక్క స్నేహితురాల్ని ఇవ్వలేకపోయాడా అని తిట్టిపోసింది.

మేష్టారు ఇంటికొచ్చి, "డబల్ ప్రమోషన్ ఇచ్చేద్దాం, సత్యారావూ" అన్నారు.

"మా గుంట మొద్దండి. పెద్ద పిల్లల్లో నలిగిపోద్ది, బాబూ."

ఆయన వీధి మలుపు తిరగ్గానే రాజ్యం విరుచుకుపడింది. "కన్నబిడ్డ ఎదుగుతంటే కళ్లలో నిప్పులు పోసుకుంటావేటయ్యా?"

సత్యారావు సైకిలెక్కి తుర్రుమన్నాడు. ఆ సైకిలొకటి! ఆదివారం వస్తే చాలు, ఒకసారి కె.కోటపాడు, ఇంకోసారి రోలుగుంట. చెరుకు విత్తనం కోసమంటాడు, ఒక్క గడ తెచ్చిన పాపాన పోలేదు. పేకాటేనని రాజ్యం తేల్చేసుకుంది.

ఏడో ఆదివారం అతని వెనక ఇంకో సైకిలు వచ్చింది. దాని మీద రోలుగుంట వడ్రంగి నోవహు, ముందు కమ్మీ మీద అతని కూతురు రూతమ్మ.

"మా గుంటా మొద్దేనమ్మా" అన్నాడు నోవహు, తెగ సంబరంగా.

పిల్లలిద్దరూ పెరట్లోకి పోయారు. రాజ్యం తల బాదుకుంది. "ఒక మొద్దు సాలదని ఇంకో మొద్దుని తెచ్చేవా?"

సత్యారావు గొంతు తగ్గించాడు. "తెలివైందంటే ఆటలోంచి తోసెత్తన్నారు కదే. మొద్దంటే రానిత్తారేమోనని ఊరంతా సెప్పేను. ఎవడూ నమ్మలేదు. సరే, దీనికి జోడీ ఎతుకుదామని, తెలివైన పిల్లలున్నారా అని ఊరూరా అడిగేను. పెతీ తండ్రీ తన కొడుకునే ముందుకి తోసేడు. ఒకడైతే ఉయ్యాల్లో గుంటణ్ని సూపించేడు! అప్పుడు మాట మార్చేను. మీ ఊళ్లో పిల్లలు ఎవుర్ని ఆటలోకి రానివ్వరని అడిగేను. ఈ నోవహు బాబు 'మా గుంటనే' అని ఏడిసేసేడు."

పేకాటని రాజ్యం ఎన్నేసి మాటలంది!

అంతలో పెరట్లో కేకలు. పలక ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటున్నారు. నూకరత్నం పరిగెత్తుకొచ్చింది. ఆ ముఖంలో అంత వెలుగు రాజ్యం ఎన్నడూ చూడలేదు.

"అమ్మా! నా లెక్క తప్పంటందే! కావాలని రాయలేదే, నిజంగానే తప్పే!"

రాజ్యం చెంగుతో కళ్లు తుడుచుకుని విస్తళ్లు తీసింది.

"మొద్దులందరూ అన్నానికి రండి" అంది. మొగుడి వైపు చూసి, "ముందు పెద్ద మొద్దు కూకోవాల" అంది.