రోమా అయ్యగారి ప్రార్థన

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె రోజుల్లో బడులు మూతబడ్డాయి, బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి, నా నోరు మాత్రం ఆగలేదు. అప్పుడు నేను నెల్లికుదురు దగ్గర ఒక సర్కారు బడిలో సోషల్ టీచర్ని. కాపురం మానుకోటలో. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గానీ మా నోటికి అది మానుకోటే. పొద్దంతా సమ్మె శిబిరంలో కూర్చునేదాన్ని. శనివారం సాయంత్రమైతే అటునుంచి అటే చర్చికి పోయేదాన్ని. శిబిరంలో ఉంటే చర్చి గుర్తొచ్చి, చర్చిలో ఉంటే శిబిరం గుర్తొచ్చి, ఎక్కడ కూర్చున్నా ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది. కారణం మా అయ్యగారు.

పాస్టరుని మేం అయ్యగారు అంటాం. ఆయనది ఆంధ్ర వైపు, కృష్ణా జిల్లా. పెళ్ళయిన కొత్తలో భార్యను వెంటబెట్టుకుని వచ్చి, మానుకోటలోనే ముసలివాడయ్యాడు. అమ్మగారు పోతే ఇక్కడి మట్టిలోనే పూడ్చాం. ఇన్నేళ్ళున్నా ఆయన మాట మాత్రం అక్కడిదే. "వచ్చానమ్మా, వెళ్ళానమ్మా" అనేవాడు. మేం వెక్కిరిస్తే ఆయనా నవ్వేవాడు. నా పుట్టిల్లు జనగామ. మా ఇంట్లో బతుకమ్మ తప్ప బైబిల్ ఎరగరు. పెళ్ళయ్యాక నా భర్త వెంట చర్చి గడప తొక్కినదాన్ని. కళ్ళు మూసుకుని దేవుడితో ఏం మాట్లాడాలో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, ఒక్కో మాటా చెప్పి నేర్పింది ఆయనే. నాకే కాదు, మా సంఘంలో అందరికీ.

ఆ సమ్మె కాలంలో శనివారం కూడికలో ఒక వాదన పుట్టింది. తెచ్చింది మా సంఘ పెద్ద. కరెంటాఫీసులో పనిచేసేవాడు, ఆయనా సమ్మెలోనే ఉన్నాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. మంచివాడే, కాకపోతే నోరు తెరిస్తే శిబిరం మైకే.

"అయ్యగారూ, ఒక్క ముచ్చట అడుగుత. సువార్త ఎవలది? పుట్టింది యూదుల ఇంట్ల. ప్రభువు యూదుడు, శిష్యులందరు యూదులు, మొక్కింది యెరూషలేము గుడిల. మరి పెద్ద గద్దె రోములకు ఎట్ల పోయింది? మన నీళ్ళు ఆంధ్రకు పోయినట్టే గదా!"

చాపల మీద కూర్చున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"సిలువ రోమా వాళ్ళదే నాయనా. బాట కూడా వాళ్ళదే. ఏ రాజ్యం ఆయన్ని చంపిందో, ఆ రాజ్యం వేసిన బాటల మీదే శిష్యులు నడిచి పోయారు. లేఖలు రాసిన అపొస్తలుడు పుట్టుకతో యూదుడు, పౌరసత్వం రోమాది. ఆయన్ని రెండు ముక్కలు చేసి ఏ ముక్క మనదంటాం? అంతెందుకు, సువార్తలు ఏ భాషలో రాశారు? గ్రీకులో. ప్రభువు వాళ్ళమ్మతో మాట్లాడిన భాషలో మనకు మిగిలినవి నాలుగైదు మాటలే. చచ్చిపోయిన పిల్లను లేపినప్పుడు ఒకటి, సిలువ మీద ఏడ్చినప్పుడు ఒకటి, అలాంటివి. మిగతాదంతా పరాయి భాషలోనే మన దాకా వచ్చింది. వచ్చిందా లేదా?"

"గట్లంటే దొంగతనం మంచిదేనా?" అన్నాడు పెద్ద. "టీచరమ్మా, నువ్వు చరిత్ర చెప్పేదానివి. ప్రభువును సంపింది ఎవలు? నువ్వే చెప్పు."

చెప్పకుండా ఉంటే నేను నేనెందుకవుతాను? బీఎడ్ చదివేటప్పుడు నేను "గట్లనా సార్" అంటే క్లాసు క్లాసంతా సినిమాలో జోకరును చూసినట్టు నవ్వింది. ఆ మంట కడుపులో అట్లాగే ఉంది. లేచి నిలబడి పాఠం మొదలుపెట్టాను. యూదుల శిక్ష రాళ్ళతో కొట్టడం. సిలువ వెయ్యడం రోమా శిక్ష. శిక్ష వేసి, ఈ రక్తంతో నాకు సంబంధం లేదని చేతులు కడుక్కున్నది రోమా గవర్నరు, మేకులు కొట్టింది రోమా సైనికులు. తర్వాత రోమా నీడలోనే బతకాల్సి వచ్చింది కాబట్టి, రాసినవాళ్ళు గవర్నరు మీద నేరం కాస్త తేలిక చేశారని, ఆ బరువంతా ఎన్నో తరాలు పాపం యూదుల నెత్తిన పడిందని చదువుకున్నవాళ్ళు చాలామంది అంటారు. ఇదంతా చెప్పి, చివర తాలింపు వేశాను. "చేతులు కడుక్కుంటే రక్తం పోతదా?"

"గదీ మాట!" అని తొడ చరిచాడు పెద్ద. "రోమోళ్ళు ఎప్పుడైనా చేతులు కడుక్కునే ఉంటరు. ఏమంటరు అయ్యగారూ?"

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. అయ్యగారు అందరికంటే కాస్త ఆలస్యంగా నవ్వారు. నేను చెప్పులేసుకుంటుంటే పక్కకు వచ్చి, "నేను రోమా వాణ్ణా అమ్మా?" అని అడిగారు. "అయ్యో, తమాషాకన్నరు అయ్యగారూ" అన్నాను. ఇంటికి పోతూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ చరిత్ర ఎవరి మీద పడుతుందో తెలిసే చెప్పాను కదా. మరుసటి ఆదివారానికి సండే స్కూలు పిల్లలు కూడా "రోమా అయ్యగారు" అనడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత మా వంతు వచ్చింది. శిబిరంలో రోజుకొక సంఘం కూర్చునేది; నడిరోడ్డు మీద ఇటుకలు పెట్టి పొయ్యి వెలిగించి, వండి అందరికీ పెట్టేది. వంటా-వార్పు అనేవాళ్ళం. ఏ సంఘం వంతైతే ఆ సంఘం పెద్ద మైకులో నాలుగు మాటలు చెప్పాలి. క్రైస్తవుల వంతు రోజు ముందు ప్రార్థన, తర్వాత పొయ్యి. ప్రార్థన అంటే అయ్యగారే చెయ్యాలి. సంఘ పెద్ద మా ఇంటికి వచ్చాడు.

"చెల్లె, గాయన మైకుల 'వచ్చామండీ' అంటే మన ఇజ్జత్ పోతది. పోరగాండ్లు ఊకుంటరా? ఏమన్నంటే గాయనకే పరేషాన్. నువ్వు జర పోయి రావద్దని చెప్పు. ప్రార్థన నువ్వు చెయ్యి."

"నేనెట్ల చెప్పాలె అన్నా?"

"నువ్వంటే గాయనకు పాణం. నువ్వు చెప్తే ఇంటడు."

అయ్యగారి ఇల్లు చర్చి వెనకాలే, రెండు గదులు. నేను వెళ్ళేసరికి వాకిట్లో పీట వేసుకుని, క్రిస్మస్‌కు ప్రేమవిందు వండే పెద్ద డేగిసాను బూడిదతో తోముతున్నారు. పాట పాడుతూ తోముతున్నారు. ఉతికిన తెల్ల లాల్చీ దండెం మీద ఆరుతోంది. "రేపటికి చింతపండు పులుసు బాగా పెట్టించమ్మా, ఎండకు నోళ్ళు ఎండిపోతాయి" అన్నారు నన్ను చూడగానే.

నిజం చెబితే కనీసం ఆయన నన్ను కోప్పడేవారు. నాకు ఆ పాటి ధైర్యం కూడా లేకపోయింది. "అయ్యగారూ, మీకు ఒంట్లో బాగుండదు కదా, ఎండల ఎందుకు? రేపు మీరు రాకండి" అన్నాను.

పాట ఆగింది. ఆయన డేగిసాను బోర్లించి, అడుగు కూడా శుభ్రంగా తోమి, నీళ్ళు పోశారు. ఎవరు పంపారని అడగలేదు. "ఇదైనా తీసుకెళ్ళండి. దీనికి మాట రాదు కదా, ఎవరూ పట్టుకోరు" అన్నారు. డేగిసాను ఆటోలో పెట్టుకుని వస్తుంటే నా మొహం నాకే చూసుకోబుద్ధి కాలేదు.

మర్నాడు శిబిరం కిక్కిరిసింది. డప్పులు, నినాదాలు, బగారన్నానికి ఎసరు. నా చేతికి మైకు ఇచ్చారు. కొంగు నెత్తిన వేసుకుని కళ్ళు మూసుకున్నాను. నా భాషలో, నా గడ్డ కోసం, నా దేవుణ్ణి అడుగుదామని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

"పరిశుద్ధుడవైన మా ప్రేమగల తండ్రీ, మీ సన్నిధికి వచ్చామండీ. ఈ ఘడియ వరకూ మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచారండీ. మా మొర ఆలకించండి తండ్రీ..."

నా గొంతే. మాటలు మాత్రం అచ్చంగా ఆయనవి, కృష్ణా జిల్లావి, ఆ సాగదీతతో సహా. అన్నం అడిగేది, మొగుణ్ణి తిట్టేది, పిల్లలకు పాఠం చెప్పేది ఒక మాటలో. కళ్ళు మూసుకుంటే మరో మాటలో. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఒక్కసారి కూడా గమనించుకోలేదు నేను.

"గిదేందక్కా! అండీ గిండీ అంటున్నవ్, ఏ జిల్లా నీది?" అని వెనక నుంచి ఒక పిల్లగాడు అరిచాడు. శిబిరమంతా విరగబడి నవ్వింది. పెద్ద నా చేతిలో మైకు గుంజుకుని, "మన తీరు నేను చేస్త ఆగుండ్రి" అని కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా! మా తండ్రీ! మీ పాదాల దగ్గరకు వచ్చామండీ..."

ఇక ఆ నవ్వు చెప్పనలవి కాదు. ఎవరో తెలివైనవాళ్ళు "జై తెలంగాణ" అని అందుకున్నారు, డప్పు మోగింది, పొయ్యి వెలిగింది. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. కడుపు నిండా తిని, పులుసు బాగుందని మెచ్చుకుని పోయారు. పెద్ద మాత్రం చేతులు కడుక్కుంటూ, "ముసలాయన మన నాలుకలు గూడ గుంజుకున్నడు చెల్లె" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అరేయ్, ఆయన నాలుక ఇస్తేనే కదరా మనం దేవుడి ముందు నోరు తెరిచింది! అని లోపల్లోపలే తిట్టుకుంటూ ఎంగిలి విస్తళ్ళు ఏరాను.

సాయంత్రం డేగిసా కడిగి తీసుకుపోయాను. చర్చి వీధి మలుపులో స్తంభానికి శిబిరం మైకు గొట్టం కట్టి ఉన్న సంగతి అప్పుడు చూశాను. అయ్యగారు అంతా విన్నారు, నవ్వులతో సహా.

"తప్పు నాదేనమ్మా" అన్నారు. నేను ఇంకా గడప దాటలేదు. "ఇన్నేళ్ళూ మీకు ప్రార్థన నేర్పాను. మీ మాటల్లో ఆయన్ని పిలుచుకోండని ఒక్కనాడూ చెప్పలేదు. నేను నా మాట అనుకోలేదు, దేవుడి మాట అనుకున్నాను. నలుగురిలో నవ్వులపాలు చేశాను మిమ్మల్ని."

నేను చెప్పాల్సిన క్షమాపణ ఆయన చెబుతుంటే, డేగిసాను గడప పక్కన దించాను. నేను చెప్పిన అబద్ధం మాత్రం ఒప్పుకోలేదు. "వస్త అయ్యగారూ" అని వచ్చేశాను. థూ నా బతుకు.

సమ్మె ముగిసిన కొన్నాళ్ళకు ఆయన బదిలీ అడిగి వెళ్ళిపోయారు. సొంతూరికి పోతాడని అందరం అనుకున్నాం. ఆయన కాటారం వెళ్ళారు. తెలంగాణలోనే, అడవి అంచున, ఏ అయ్యగారూ నిలవని ఊరు. మానుకోటకు కొత్త అయ్యగారు వచ్చారు, మనవాడే. ఆయనా ప్రార్థనలో "వచ్చామండీ" అనే అంటాడు. ఎవరూ నవ్వరు.

రాష్ట్రం వచ్చిన ఏడాది, వరినాట్ల కాలంలో, భూపాలపల్లిలో బస్సు మారి కాటారం పోయాను. సంబురం పంచుకోవడానికి అని ఇంట్లో చెప్పాను. అది సగమే నిజం. ఊరి చివర రేకుల షెడ్డు చర్చి. అప్పటికే కూడిక మొదలైంది; వెనకాల చాప మీద కూర్చున్నాను. అయ్యగారు బాగా వంగిపోయారు. నన్ను చూసి తలూపి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

"నాయినా, మేమందరం నీ కాడికి వచ్చినమండీ... గీ పోరగాండ్లను జర చూడండి... చూడు నాయినా. వానలు మంచిగ... మంచిగ కొట్టాలె..."

ముందు వరుసలో పిల్లలు నోళ్ళు మూసుకుని కిసకిస నవ్వుతున్నారు. ఒక అవ్వ కళ్ళు తెరవకుండానే, "వచ్చినం అంటె సాలు అయ్యగారూ, అండి వద్దు" అంది. "వచ్చినం నాయినా" అని దిద్దుకున్నారాయన. బడిలో మొదటి రోజు పిల్లాడిలా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, తడబడుతూ. ఎంత అందంగా ప్రార్థన చేసేవాడు ఆ మనిషి! వానపాట విన్నట్టుండేది. ఆ వయసులో, దేవుడి ముందు నత్తి తెచ్చుకున్నాడు. తెప్పించింది మేము.

చివర, "మానుకోట నుంచి మా టీచరమ్మ వచ్చింది, ముగింపు ప్రార్థన చేస్తది" అన్నారు.

లేచి కొంగు వేసుకున్నాను. ఈసారి పొరపాటున కాదు, తెలిసే ఆయన మాటల్లో మొదలుపెట్టాను. "ప్రేమగల తండ్రీ, మీ సన్నిధికి వచ్చామండీ. నేనొక తప్పు చేశానండీ. నన్ను బిడ్డలా చూసుకున్న ఒక పెద్దాయన్ని, ఒంట్లో బాగుండదు కదా, రాకండి అన్నానండీ. ఆయన బాగానే ఉన్నారండీ. ఆ మాట నా నోటి నుంచి పోవడం లేదండీ..." అక్కడితో ఆపేశాను. ఆమెన్ అవ్వే చెప్పింది.

అందరూ వెళ్ళాక ఆయన కర్ర పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఆ తెచ్చిపెట్టుకున్న మాట వదిలేసి, తన మాటలో అన్నారు:

"ఆ రోజు నాకు నిజంగానే ఒంట్లో బాగాలేదమ్మా."

పచ్చి అబద్ధం. ఆ రోజు ఆయన పాట పాడుతూ డేగిసా తోముతున్నారు.