అద్దాల గదిలో దుప్పట్లాయన

వీధిలో అందరూ ఆయన్ని దుప్పట్లాయన అనే పిలిచేవారు. ముప్పై ఏళ్లు ఇంట్లో మగ్గం మీద దుప్పట్లూ తువ్వాళ్లూ నేసి సంసారం ఈదినవాడు. ఆయన నేసిన దుప్పటి మొదట్లో కాస్త బిరుసుగా ఉండేది, ఉతికేకొద్దీ మెత్తబడేది. "నా దుప్పటి పెళ్లాంలాంటిది, అలవాటయ్యాక అది లేందే నిద్రపట్టదు" అనేవాడు. ఆ మాటకి అందరూ నవ్వేవారు, ఆయన భార్య తప్ప.

మరమగ్గాల బట్ట వచ్చిపడ్డాక అడిగేవాళ్లు తగ్గారు. అప్పుడే పెద్ద వీధిలో కొత్తగా తెరిచిన బట్టల షాపు యజమాని కబురు పెట్టాడు. షాపు ముందు అద్దాల గదిలో మగ్గం వేస్తాను, కూర్చుని నేస్తే చాలు, నెల నెలా జీతం అన్నాడు. దుప్పట్లాయన ఎగిరి గంతేశాడు.

వారం తిరక్కుండానే సంగతి అర్థమైంది. ఆయన ఒక దుప్పటి దించడానికి మూడు రోజులు పడుతుంది. షాపులో రోజుకి ముప్పై అమ్ముడవుతున్నాయి, అన్నిటికీ 'చేనేత' అని చీటీ. వెనక గుమ్మంలో లారీలోంచి మూటలు దిగడం ఆయన కళ్లారా చూశాడు. జనం ముందు ఈయన చేతులు చూసి, తర్వాత లోపలికెళ్లి కొనేవారు. "ఇవన్నీ మీరే నేశారా?" అంటే నవ్వి ఊరుకునేవాడు. నోరు తెరిచి అబద్ధమాడలేదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు.

ఒకరోజు నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో చేసి రిటైరైన పెద్దావిడ. ఆయన దగ్గర ఇరవై ఏళ్ల కిందట కొన్న గళ్ల దుప్పటి ఇంకా కప్పుకుంటోంది.

"ఇక్కడున్నావా నాయనా! మనవరాలు కొత్త ఇంట్లోకి వెళ్తోంది. నీ చేతివి రెండు ఇద్దామనుకుంటున్నాను. ఈ అరలో ఉన్నవి నీవేగా?"

గల్లా దగ్గర్నుంచి యజమాని చూస్తున్నాడు. దుప్పట్లాయన తల ఊపాడు.

రెండు నెలల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చి, మనవరాలికిచ్చిన వాటిలో ఒక దుప్పటి సంచిలోంచి తీసింది. నాలుగు ఉతుకులకే ఉండలు కట్టింది. ఎరుపు రంగు తెల్ల గళ్లలోకి దిగిపోయింది. ఇప్పుడు నలుగురిలో కడిగేస్తుందనుకుని ఆయన బిగుసుకుపోయాడు. ఆవిడ మాత్రం గొంతు తగ్గించింది.

"తప్పుగా అనుకోకు. నీ నేత నాకు తెలుసు. ఇలా నేశావంటే నీకేదో అయ్యుండాలి. చూపు తగ్గిందా? చేతులు వణుకుతున్నాయా?"

తిట్టినా బాగుండేది. నిజం గొంతుదాకా వచ్చింది. యజమాని అటే నడిచి వస్తున్నాడు.

"అవునమ్మా, చూపు కాస్త మందగించింది."

ఆవిడ భుజం తట్టి వెళ్లిపోయింది. ఆయన పోగు వేసే నాడె చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఎవడిదో బట్ట కోసం ముప్పై ఏళ్ల తన చేతిపని మీద తనే బురద చల్లుకున్నాడు. ఇంటికెళ్తే అన్నం సయించలేదు. "ఒంట్లో బాగాలేదా?" అని భార్య అడిగితే మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నర్సమ్మ ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"కళ్ల డాక్టరు నాతో పనిచేసినవాడే. బతిమాలి నీకు రేపటికి టైమిప్పించాను. ఇప్పుడాయనకి ఏం చెప్పను?"

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

"దుప్పటిదేముంది, పాత గుడ్డల్లో వేస్తాను. నీ కళ్లు పోతున్నాయని నేను పడ్డ దిగులో?"

ఆ మధ్యాహ్నం షాపులో ఒక కొత్త జంట అదే ప్రశ్న అడిగింది. "నేను నేస్తున్నది ఈ మగ్గం మీద ఉన్నదొక్కటే. అరల్లోవి యంత్రం నేసినవి" అన్నాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?" అని యజమాని అప్పటికప్పుడే పొమ్మన్నాడు. నాలుగు రోజులకి ఆ గదిలో ఇంకొకాయన కూర్చున్నాడు.

భార్యకి అన్నీ చెప్పాడు. ఉద్యోగం పోయినందుకు ఆవిడేం అనలేదు. "మా చెల్లెలికి కూడా అక్కడే కొనమని చెప్పాను కదయ్యా" అంది, అంతే.

ఇప్పుడు ఇంట్లోనే తువ్వాళ్లు నేస్తున్నాడు. నర్సమ్మకి ఒక దుప్పటి నేసి ఇద్దామని చాలాసార్లు అనుకున్నాడు. నోరు మూయించడానికి తెచ్చాడనుకుంటుందేమోనని ఆగిపోయాడు. ఆవిడా అడగలేదు. వీధిలో ఎదురైతే మాత్రం "బాగున్నావా?" అంటుంది. "ఆ, బాగున్నానమ్మా" అని నేలచూపులు చూస్తూ పక్కకి తప్పుకుంటాడు.