కత్తులకు బొట్టు

ఏడో తరగతితో చదువు మానేసినా కథలు చెప్పడంలో నాకు లోటు లేదు. ఆ రోజు మంగళగిరిలో మా గుంటమగ్గం మీద నేస్తూ, కోటను కాచే వీరుల కథ అల్లి మా అమ్మాయికి చెబుతున్నాను. ఓడి పారిపోయిన శత్రువు ఇరవై ఏళ్లకు తిరిగొచ్చాడు. వీరులు చేతులెత్తేశారు.

“అదేంటి నాన్నా, కత్తులున్నాయిగా?”

“ఉన్నాయమ్మా. ఏటా దసరాకి బొట్టుపెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఒరలోంచి తీస్తే ఒట్టు!”

పక్కనే నూలు కండెలు చుడుతున్న మా ఆవిడ నవ్వింది. “అంటే మన నీళ్ల మోటారులాగేనాండీ?”

నిరుడు వానకు మగ్గం గుంటలో నీళ్లూరి, పడుగు నూలంతా తడిసి పాడైతే, ఆ నీళ్లు తోడడానికి కొన్న మోటారు అది. దసరాకి బొట్టు పెట్టడమే తప్ప నడిపి చూడలేదు. బయట మబ్బు పట్టింది. ఇక నాకు చెయ్యి ఆడలేదు. లేచి స్విచ్ వేస్తే గుర్రుమంది గానీ తిరగలేదు. చినుకు పడేలోపే దాన్ని బండికి కట్టుకుని మెకానిక్ దగ్గరికి పరుగు తీశాను.